వడపోతకు పట్టిన దుమ్ము: వ్యాక్యూమ్ క్లీనర్ ఫిల్టర్లను తేలికగా శుభ్రం చేసుకునే పద్ధతులపై ఒక సమీక్ష

వ్యాక్యూమ్ క్లీనరు నేలమీది దుమ్మును లాగి తన లోపలి వడపోత మీదికి చేర్చే యంత్రం. నేల శుభ్రపడిన కొద్దీ వడపోత మురికిపడుతుంది, అది మురికిపడిన కొద్దీ గాలిని లాగే శక్తి తగ్గుతుంది, చివరికి ఎవరో ఒకరు డబ్బా తెరిచి ఫిల్టరును బయటికి తీసి, తట్టో దులిపో కడిగో మళ్లీ బిగించవలసి వస్తుంది. మోటారు బాగానే ఉండగా, ఫిల్టరు మూసుకుపోయిన ఒక్క కారణంతో యంత్రం అటక ఎక్కడం చాలా ఇళ్లలో జరిగేదే. ఈ పనిని తేలిక చేయడం ఎలా అన్న ప్రశ్నకు నూట ఇరవై ఏళ్లుగా జవాబులు వస్తూనే ఉన్నాయి. పారేసే సంచి మేలని కొందరు, అసలు ఫిల్టరు దాకా దుమ్మును రానివ్వకపోవడమే మేలని కొందరు, కడిగి వాడుకునే ఫిల్టరే పొదుపని మరికొందరు, యంత్రమే తన ఫిల్టరును తాను దులుపుకోవాలని ఇంకొందరు వాదించారు. తేలిక అన్న మాటకు ఒక్కో పక్షం ఒక్కో అర్థం చెప్పుకోవడం వల్ల వాదం చిక్కుపడింది. ఒకరు చేతికి పట్టే సమయాన్ని లెక్కిస్తే ఇంకొకరు ఖర్చును లెక్కిస్తారు. శుభ్రం చేసే మనిషి ముక్కులోకి తిరిగి వచ్చే దుమ్మును లెక్కించేవారు మాత్రం తక్కువ.

ఈ ప్రశ్నను తిరువూరు వంటి ఊరినుంచి చూస్తే దానికి కొత్త కోణాలు వస్తాయి. ఎన్టీఆర్ జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైన ఈ పట్టణం విజయవాడ సమీపం నుంచి కొత్తగూడెం, భద్రాచలం మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. చుట్టూ ఎర్రనేలలు, మామిడి తోటలు, పత్తి, మిర్చి, మొక్కజొన్న చేలు ఉన్నాయి. ఇక్కడి ఇంట్లో పేరుకునే దుమ్ములో రోడ్డు మీది సన్నమట్టి, పత్తి నూగు, మొక్కజొన్న పొట్టు, తలవెంట్రుకలు, వాటి మీద తాలింపు పొగతో వచ్చిన నూనె జిడ్డు కలిసి ఉంటాయి. వ్యాక్యూమ్ క్లీనరు మొదట చలిదేశాల తివాచీల కోసం పుట్టింది. తివాచీనుంచి వచ్చే దుమ్ములో నూలుపోగులు ఎక్కువ కాబట్టి అది ఫిల్టరు మీద దూదిలాగా బోలుగా పేరుకుంటుంది, గాలికి కొంత దారి ఇస్తుంది. బండలు, టైల్సు పరచిన తెలుగు ఇంటి నేలనుంచి వచ్చేది ప్రధానంగా సన్నటి మట్టి. అది గాలికి దారి ఇవ్వకుండా ఫిల్టరు సందుల్లోకి దిగుతుంది. అందువల్ల పరాయి దేశపు ఇంటిలో నెలకొకసారి దులిపితే చాలనుకున్న ఫిల్టరు ఇక్కడ అంతకంటే ముందే మొరాయించడంలో ఆశ్చర్యం లేదు.

గుడ్డ సంచి నుంచి హెపా దాకా

1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్మును ఊది చెదరగొట్టే బదులు పీల్చి గుడ్డలో పట్టాలన్న ఆలోచనతో తన యంత్రాన్ని రూపొందించాడు. కుర్చీ గుడ్డ మీద రుమాలు పరచి నోటితో గట్టిగా గాలి పీల్చి, రుమాలుకు అవతలి వైపు అంటిన మురికిని చూసి ఆ ఆలోచనను నిర్ధారించుకున్నాడన్న విషయం ప్రసిద్ధం. అంటే ఈ యంత్రానికి మొదటి నమూనాయే ఒక ఫిల్టరు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో పారిశుధ్య పనిచేస్తూ ఉబ్బసంతో బాధపడిన జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ దిండు గలీబును దుమ్ముసంచిగా కట్టి తయారుచేసిన యంత్రానికి 1908లో పేటెంటు వచ్చింది, దాన్ని హూవర్ కుటుంబం కొని వ్యాపారంగా పెంచింది. ఊపిరి బాధ ఉన్న మనిషి తన కోసం చేసుకున్న యంత్రమే ఇంటింటి యంత్రానికి మూలమైనప్పటికీ, ఆ గుడ్డ సంచిని దులిపేటప్పుడు లేచే దుమ్ము గురించిన ఆలోచన చాలాకాలం వెనకబడే ఉండిపోయింది.

తరువాతి దశలో కాగితపు సంచులు వచ్చాయి. నిండిన సంచిని నిండినట్టే పారేయడంతో దులిపే పని తప్పింది. 1930ల దశకంలో దుమ్మును నీటిలోకి పంపే యంత్రాలు కూడా అమెరికా మార్కెట్టులోకి వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అణుబాంబు కార్యక్రమంలో పనిచేసేవారిని రేడియోధార్మిక రేణువుల నుంచి కాపాడటానికి అభివృద్ధి చేసిన అతిసన్న వడపోత తరువాత హెపా పేరుతో ఆస్పత్రులకు, ఆపైన ఇళ్లకు చేరింది. 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతాన్ని ఆపేదే హెపా అన్నది అమెరికా లెక్క. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. 1993లో బ్రిటన్‌లో జేమ్స్ డైసన్ సంచి లేని సైక్లోను యంత్రాన్ని తన సొంత పేరుతో విడుదల చేశాడు. అంతకుముందు 5,127 నమూనాలు చేసి చూశానని ఆయనే చెప్పుకున్నాడు. భారతదేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సంస్థ యూరోక్లీన్ యంత్రాలను ఇంటింటికీ తిరిగి, చేసి చూపించి అమ్మడంతో తెలుగు పట్టణాల మధ్యతరగతికి వ్యాక్యూమ్ క్లీనరు పరిచయమైంది. ఆ ప్రదర్శనల్లో పరుపులోంచి లాగిన దుమ్మును చూపించడం పెద్ద ఆకర్షణగా ఉండేది, ఆ దుమ్మును వడపోతనుంచి వదిలించడం మాత్రం కొన్నవారి వంతు అయింది.

తట్టినా రాలని దుమ్ము

ఏ పద్ధతినైనా తూచాలంటే దుమ్ము ఫిల్టరును ఎలా పట్టుకుంటుందో ముందు తెలియాలి. ఫిల్టరును జల్లెడ అనుకోవడం సామాన్యంగా జరిగే పొరపాటు. జల్లెడలో కన్నం కంటే పెద్దది ఆగుతుంది, చిన్నది రాలిపోతుంది. ఫిల్టరులోనైతే అడ్డదిడ్డంగా అల్లుకున్న సన్నని పోగుల మధ్య ఖాళీలు రేణువుల కంటే చాలా పెద్దవిగా ఉన్నా రేణువులు పోగులకు అంటుకుని ఆగిపోతాయి. పెద్ద రేణువు గాలితోపాటు మలుపు తిరగలేక పోగుకు ఢీకొంటుంది. అతిచిన్న రేణువు గాలి అణువుల తాకిడికి అటూ ఇటూ ఊగిసలాడుతూ పోగుకు తగులుతుంది. ఈ రెండు తరగతులకూ చెందని 0.1 నుంచి 0.3 మైక్రాన్ల మధ్యతరహా రేణువులే తప్పించుకోవడంలో గడసరివి. హెపాను ఆ పరిమాణం దగ్గరే పరీక్షించడానికి కారణం ఇదే.

అంటుకున్న రేణువును విడదీయడంలో అసలు కష్టం ఉంది. రేణువును పోగుకు అంటిపెట్టే బలం దాని వ్యాసాన్ని బట్టి ఉంటుంది. తట్టినప్పుడు దాన్ని విదిలించే బలం దాని బరువును, అంటే వ్యాసపు ఘనాన్ని బట్టి ఉంటుంది. రేణువు వ్యాసం సగమైతే అంటుకునే బలం సగమే తగ్గుతుంది గాని, విదిలించే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే ఫిల్టరును చెత్తబుట్ట అంచుకు ఎంత తట్టినా పెద్ద పలుకులు, ఉండకట్టిన దుమ్ము రాలతాయి, ఊపిరితిత్తుల్లోకి పోగలిగిన సన్నటి దుమ్ము మాత్రం అక్కడే ఉండిపోతుంది. ఎదురు దిక్కునుంచి ఊదే గాలి బలం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి తట్టడం కంటే ఊదడం మెరుగు, అయినా సన్నటి దుమ్ము దగ్గర అదీ ఓడిపోతుంది. నూనె జిడ్డు కలిసిన దుమ్ముకు ఈ రెండూ చాలవు.

ఇక్కడినుంచే రూపకల్పనలో ప్రధానమైన భేదం పుడుతుంది. దుమ్ము ఫిల్టరు లోతుల్లోకి దిగి నిలిస్తే దాన్ని లోతు వడపోత అనవచ్చు, పైపైనే పొరగా కట్టుకుంటే ఉపరితల వడపోత అనవచ్చు. లోతు వడపోత చాలా దుమ్మును మింగగలదు గాని తిరిగి ఇవ్వదు. ఉపరితల వడపోత త్వరగా నిండుతుంది, అయితే పొర విడివడి వచ్చేస్తుంది. పారేసే ఫిల్టరుకు మొదటిది తగినది, శుభ్రం చేసుకునే ఫిల్టరుకు రెండోది తగినది. ఈ భేదాన్ని పాటించకుండా లోతు ఫిల్టరుకు శుభ్రం చేసుకోవచ్చునన్న ముద్ర వేసి అమ్మడం వల్లనే వినియోగదారుల అసంతృప్తి చాలావరకు పుట్టిందని చెప్పవచ్చు.

మడతల సంగతీ ఇక్కడే చెప్పాలి. సెకనుకు 30 లీటర్ల గాలి 0.03 చదరపు మీటర్ల చదునైన ఫిల్టరు గుండా పోతే దాని వేగం సెకనుకు ఒక మీటరు. అదే స్థలంలో కాగితాన్ని మడతలుగా కుదించి 0.3 చదరపు మీటర్లు పట్టిస్తే వేగం పదో వంతుకు తగ్గుతుంది, మోటారు మీద భారమూ తగ్గుతుంది. మడతలు లోతుగా, దగ్గరగా ఉన్న కొద్దీ కొత్తలో పనితనం బాగుంటుంది. దుమ్ము చేరిన తరువాత మడతల నోళ్ల దగ్గర వంతెనలాగా కట్టుకుని లోపలి భాగమంతా వృథా అవుతుంది, బ్రష్షు వెంట్రుక ఆ సందు అడుగుకు చేరదు. దుకాణంలో గొప్పగా కనిపించే గుణమే వాడకంలో ఇబ్బంది కావడం ఈ రంగమంతటా కనిపిస్తుంది.

రైసు మిల్లు కప్పు మీది గరాటు

దుమ్ము ఫిల్టరును చేరకముందే దాన్ని విడదీయాలన్నది రెండో పక్షం. దీని సూత్రం తెలుగు పల్లెలకు కొత్త కాదు. ఊరిచివర రైసు మిల్లు కప్పు మీద కిందికి సన్నబడుతూ నిలబడిన రేకు గరాటును చూడని రైతు ఉండడు. ఊక, తవుడు కలిసిన గాలి దానిలోకి పక్కవాటుగా ప్రవేశించి గిర్రున తిరుగుతుంది, బరువైన రేణువులు గోడవైపు నెట్టుకుపోయి జారి అడుగున పడతాయి, తేలికైన గాలి నడిమధ్యనుంచి పైకి పోతుంది. ఈ గరాటునే సైక్లోను అంటారు. కల్లంలో తూర్పారబట్టేటప్పుడు గాలి తేలికదాన్ని మోసుకుపోతే బరువైనది కాళ్ల దగ్గర పడే సూత్రానికి ఇది గుండ్రంగా తిరిగిన రూపమే. డైసన్‌కు కూడా ఈ ఆలోచన కోతమిల్లు మీద రంపపుపొట్టును వేరుచేసే ఇలాంటి గరాటును చూసినప్పుడే తట్టింది.

ఇంటి యంత్రంలో గరాటును ఎంత చిన్నది చేస్తే అంత సన్నటి దుమ్మును విసరగలదు. గాలి సెకనుకు 15 మీటర్ల వేగంతో ఒకటిన్నర సెంటీమీటర్ల వ్యాసార్ధంలో తిరిగితే రేణువు మీద భూమ్యాకర్షణకు 1,500 రెట్ల బలం పడుతుంది. అందుకే నేటి యంత్రాల్లో ఒక పెద్ద గరాటు చుట్టూ అనేక చిన్న గరాటులు కనిపిస్తాయి. అయినా ఒక మైక్రానుకు దిగువన ఉన్న రేణువుల విషయంలో గరాటు మీద ఆధారపడలేరు, కాబట్టి వెనక ఫిల్టరు ఉండవలసిందే. దానికి చేరే భారం తగ్గి శుభ్రం చేసే వ్యవధి పెరుగుతుందన్నదే ఈ పక్షపు నిజమైన లాభం.

లోపం ఇంకోచోట ఉంది. చిన్న గరాటుల్లోకి పత్తి నూగు, వెంట్రుకలు పోతే అడుగు రంధ్రం మూసుకుపోతుంది, వాటిని విప్పి కడగడానికి చాలా నమూనాల్లో వీలుండదు. వెంట్రుకలను ఆపడానికి ముందు పెట్టే కన్నాల రేకుకు అవే వెంట్రుకలు చుట్టుకుని కత్తెర పెడితేగాని రావు. పత్తి ఏరే నెలల్లో తిరువూరు వైపు ఇళ్లలో ఈ రేకు పని ఎంత పెరుగుతుందో ఊహించవచ్చు. డబ్బా అడుగుమూత తెరుచుకోగానే దుమ్మంతా ఒక్కసారి రాలి పైకి లేవడం ఇంకో లోపం. సంచిలో కట్టుబడి ఉన్న దుమ్ము ఇక్కడ విడిగా చేతికి వస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఉన్న ఇంట్లో సంచి లేని యంత్రం కంటే మూతపడే సంచి ఉన్న యంత్రమే మేలన్న వాదానికి బలం ఇచ్చే అంశం ఇదే. ఈ సమీక్ష దృష్టిలో ఆ వాదం సరైనది. సంచుల సరఫరా ఉన్నచోట మాత్రమే అది పనికివస్తుంది. విజయవాడకు పోతేగాని, లేదా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటేగాని దొరకని సంచి చివరికి మూడునాలుగుసార్లు దులిపి మళ్లీ వాడబడుతుంది, అప్పుడు దాని మేలంతా కీడుగా మారుతుంది.

కడగడం, ఆరబెట్టడం

కడిగి వాడుకునే ఫిల్టరు భారతీయ కొనుగోలుదారుకు అన్నిటికంటే నచ్చిన మాట. ఒకసారి కొంటే చాలు, పదేపదే ఖర్చు ఉండదు. నీళ్లలో రేణువుకు, పోగుకు మధ్య పట్టు సడలుతుంది కాబట్టి తట్టడంతో రానిది కడగడంతో వస్తుంది. ఇంతవరకు వాదం గట్టిదే.

ఇబ్బందులు మూడు వైపులనుంచి వస్తాయి. ఫిల్టరు దేనితో చేసినదన్నది మొదటిది. గాజుపోగుల కాగితం నీళ్లకు మెత్తబడి మడతల దగ్గర చిరుగుతుంది. పోగుల మీద స్థిరవిద్యుత్తును నిలిపి, ఆ ఆకర్షణతో దుమ్మును పట్టే ఫిల్టర్లు ఉన్నాయి. కొత్తలో అవి గాలిని సులువుగా పోనిస్తూనే సన్నటి దుమ్మును పడతాయి. సబ్బు, స్పిరిటు తగిలితే ఆ విద్యుత్తు సన్నగిల్లి, పైకి తళతళలాడుతూనే లోపల అసమర్థంగా మారతాయి. స్పాంజి, పాలియెస్టరు, టెఫ్లాను జాతి పొరలు నీళ్లను తట్టుకుంటాయి. ఏ ఫిల్టరు ఏ జాతిదో పెట్టె మీద రాయకపోతే గృహిణికి తెలిసే దారి లేదు.

నీళ్లు రెండోది. బోరునీళ్లు కఠినంగా ఉన్నచోట, అంటే బకెట్టు అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి చార కట్టేచోట, ప్రతి కడుగుడుకూ ఫిల్టరు సందుల్లో కొంత సున్నం మిగులుతుంది. ఆర్వో యంత్రం వదిలేసే నీళ్లలో లవణాలు ఇంకా ఎక్కువ కాబట్టి వాటితో కడిగితే పొదుపు అనుకోవడం పొరపాటు. ఆఖరుసారి మంచినీళ్లతో జాడించడమే దీనికి మందు.

ఆరబెట్టడం మూడోది, అన్నిటికంటే బరువైనది. కడిగిన ఫిల్టరును కనీసం 24 గంటలు ఆరనివ్వమని తయారీదారులు సాధారణంగా చెబుతారు. మే నెలలో తిరువూరు ఎండకు అది పూటలో ఆరిపోతుంది. ఆగస్టు ముసురులో రెండు రోజులైనా మడతల అడుగున చెమ్మ మిగులుతుంది. చెమ్మ ఫిల్టరును బిగించి యంత్రం వేస్తే కొత్త దుమ్ము బురదగా మారి పొరకు అతుక్కుంటుంది, బూజు పట్టి వాసన కొడుతుంది, మోటారులోకి తడిగాలి పోతుంది. పొయ్యి దగ్గర పెట్టి ఆరబెడితే ప్లాస్టిక్ చట్రం వంగి అంచు రబ్బరు సరిగా కూర్చోదు, ఆ సందులోంచి దుమ్ము నేరుగా వెనకకు పోతుంది. ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వాడుకునేలా రెండు ఫిల్టర్లు పెట్టెలోనే ఇవ్వడం అన్నిటికంటే సులభమైన పరిష్కారం. వానాకాలం ఉన్న దేశాల్లో అదనపు ఫిల్టరును విడి సరుకుగా కాక యంత్రంలో భాగంగా చూడాలి.

దుమ్మును నీళ్లలోకి పంపే యంత్రాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. పాత ట్రాక్టర్లలో గాలిని నూనె మీదుగా పంపే ఆయిల్ బాత్ క్లీనరుకు అవి దగ్గర చుట్టాలు. మూసుకుపోయే గుడ్డ లేకపోవడం వాటి సుగుణం. బుడగల లోపల ఉండిపోయిన సన్నటి దుమ్ము తడవకుండానే బయటపడటం, పని అయిన వెంటనే బురదనీళ్లను పారబోయకపోతే వాసన రావడం వాటి లోపాలు.

సిమెంటు ఫ్యాక్టరీ నేర్పినది

తన ఫిల్టరును తానే దులుపుకునే యంత్రం ఎలా ఉంటుందో చూడటానికి తిరువూరునుంచి దూరదేశాలకు పోనవసరం లేదు. అదే జిల్లాలోని జగ్గయ్యపేట ప్రాంతంలో, జయంతిపురం, ముక్త్యాల వైపు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. సిమెంటు పరిశ్రమలో దుమ్మును పట్టడానికి బ్యాగ్‌హౌస్ అనే ఏర్పాటు వాడతారు. మనిషి కంటే పొడవైన వందల గుడ్డ సంచులను తీగ పంజరాల మీద తొడిగి వేలాడదీస్తారు. గాలి బయటనుంచి లోపలికి పోతుంది, దుమ్ము సంచి బయటి వైపున పొరగా కట్టుకుంటుంది. కొంతసేపటికొకసారి సంచి పైమూతినుంచి కుదించిన గాలిని సెకనులో పదో వంతుపాటు ఠక్కున వదులుతారు. సంచి ఒక్కసారి ఉబ్బి ఆగుతుంది, పొర పగిలి అడుగు తొట్టిలో పడుతుంది. 1950ల చివర అమెరికాలో రూపొందిన ఈ పద్ధతికి పల్స్ జెట్ అని పేరు. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి బొగ్గు కేంద్రాల్లో గుడ్డకు బదులు పలకలు ఉంటాయి; బూడిదకు విద్యుదావేశం ఇచ్చి వాటికి అంటించి, పలకల మీద సుత్తులతో కొట్టి రాల్చే పద్ధతి వాడుకలో ఉంది. అక్కడా అసలు ఎత్తు ఒకటే, దుమ్మును రేణువులుగా కాకుండా పొరగా రాల్చడం.

ఈ పరిశ్రమల అనుభవం ఇంటి యంత్రానికి నేర్పే పాఠాల్లో కొన్ని వింతగా తోస్తాయి. ఫిల్టరును మరీ శుభ్రంగా దులపకూడదన్నది వాటిలో ఒకటి. గుడ్డ మీద పలచగా నిలిచిన దుమ్ముపొరే తరువాతి దుమ్మును పట్టే అసలు వడపోత, దాన్ని పూర్తిగా వదిలించిన మరుక్షణం సన్నటి దుమ్ము గుడ్డను దాటిపోతుంది. అందువల్ల మంచి బ్యాగ్‌హౌస్‌లో గడియారం ప్రకారం కాక, ఫిల్టరుకు అటూ ఇటూ ఉన్న గాలి ఒత్తిడి తేడా ఒక హద్దు దాటినప్పుడే దులుపుతారు. గాలి పారుతుండగా దులిపితే రాలిన సన్నటి దుమ్ము మళ్లీ పక్క సంచికి అంటుకుంటుందన్నది రెండో పాఠం. గాలిని ఆపి దులిపితే అది అడుగుకు దిగుతుంది. ఇంట్లో యంత్రం ఆపిన తరువాత కొన్ని నిమిషాలు ఆగి డబ్బా తెరవాలన్న చిన్న జాగ్రత్తకు మూలం ఇదే.

నిర్మాణ పనుల్లో, వడ్రంగం షెడ్లలో వాడే పెద్ద యంత్రాల్లో ఈ పల్స్ పద్ధతి ఇప్పటికే చేరింది. ఒక కవాటం క్షణంపాటు తెరుచుకుని బయటి గాలిని ఫిల్టరు శుభ్రమైన వైపునుంచి ఎదురు దిక్కులో పంపుతుంది, పొర డబ్బాలోకి రాలుతుంది, మనిషి చెయ్యి పెట్టే పనే ఉండదు. పైన టెఫ్లాను జాతి పలచని పొర అతికించిన ఫిల్టరు ఇందుకు బాగా కుదురుతుంది, దుమ్ము లోతుకు పోకుండా పైనే ఆగుతుంది. ఇంటి యంత్రానికి దీన్ని తేవడంలో చప్పుడు, బరువు, ధర అడ్డు వస్తున్నాయి. రోబో వ్యాక్యూమ్ క్లీనరు తిరిగి వచ్చి నిలిచే స్థావరపు పెట్టె ఇంకో దారి తొక్కింది. అది డబ్బాలోని దుమ్మును తన సంచిలోకి లాక్కుంటుంది, రోబో లోపలి అరచేతి సైజు ఫిల్టరును మాత్రం మనిషికే వదిలేస్తుంది.

కంప్రెసరు గొట్టం దగ్గర

ఈ చర్చకు పుస్తకాల్లో చోటు దొరకని ఒక తావు ఉంది. కోతల కాలంలో ట్రాక్టరు, మొక్కజొన్న నూర్పిడి యంత్రం నడిపేవారు గాలి ఫిల్టరును తీసి పంక్చరు దుకాణం కంప్రెసరుతో ఊదించడం అన్ని వ్యవసాయ పట్టణాల్లోనూ జరిగే పని. డ్రమ్ములాంటి ఆ కాగితపు ఫిల్టరులోకి బయటినుంచి గాలి వస్తుంది గనుక దాన్ని లోపలినుంచి బయటికి ఊదాలి. తెలిసిన మెకానిక్కు గొట్టం మూతిని మడతకు ఆనించకుండా దూరంగా, మడత వెంబడి పైకీ కిందికీ ఆడిస్తూ ఊదుతాడు, ఆ తరువాత ఫిల్టరు లోపల దీపం పెట్టి, లేదా దాన్ని ఎండకెత్తి పట్టి, ఎక్కడైనా సూదిమొనంత వెలుగు చుక్క కనబడుతుందేమో చూస్తాడు. చుక్క కనబడితే ఫిల్టరు చిరిగినట్టే, అది ఎంత శుభ్రంగా ఉన్నా పనికిరాదు. తొందరలో బయటినుంచే ఊదితే దుమ్ము కాగితం లోతుల్లోకి ఎక్కుతుంది.

వ్యాక్యూమ్ క్లీనరు తయారీదారులకు ఈ దుకాణం దగ్గర మూడు మాటలు దొరుకుతాయి. గాలి ఏ వైపునుంచి వస్తుందో ఫిల్టరు చట్రం మీద బాణం గుర్తుతో చెక్కాలి. ఎదురు దిక్కు ఊదుడుకు తట్టుకునేలా మడతల వెనక జాలి ఉండాలి. చిరుగును కంటితో పట్టే వీలుండాలి, నల్లటి స్పాంజి వెనక దాచిన ఫిల్టరులో ఆ వీలు పోతుంది. ఇంటి ఫిల్టరును ఆ దుకాణంలో ఊదిస్తే దుమ్మంతా అక్కడ పనిచేసే కుర్రవాడి ముఖం మీదికే లేస్తుందన్నది కూడా మరవకూడదు.

ఖాళీ సంచితో పరీక్ష

ఏ ఫిల్టరు మేలన్నది తేల్చాలంటే కొలత కావాలి, కొలత దగ్గరే అతిపెద్ద తగాదా వచ్చింది. ఐరోపా సమాఖ్య 2013లో వ్యాక్యూమ్ క్లీనర్లకు రెండు నిబంధనలు చేసింది. ఒకటి విద్యుత్ వినియోగానికి, మన్నికకు హద్దులు పెట్టింది. దాని ప్రకారం 2014 సెప్టెంబరు నుంచి 1,600 వాట్లు, 2017 సెప్టెంబరు నుంచి 900 వాట్లు దాటకూడదు, వెనకనుంచి తిరిగి బయటపడే దుమ్ము ఒక శాతానికి మించకూడదు. రెండోది శక్తి పొదుపును సూచించే లేబులును తప్పనిసరి చేసింది, అయితే ఆ లేబులు కోసం యంత్రాలను ఖాళీ సంచితో పరీక్షించారు. దుమ్ము చేరిన కొద్దీ పనితనం తగ్గే యంత్రానికి, తగ్గని యంత్రానికి ఒకే మార్కులు పడతాయని డైసన్ సంస్థ కోర్టుకెక్కింది. నిండిన స్థితిలో పరీక్షించే పద్ధతి ఒకటి ప్రమాణాల్లో ఉన్నా ఫలితాలు ప్రయోగశాలనుంచి ప్రయోగశాలకు మారిపోతాయని ఐరోపా కమిషన్ వాదించింది. 2015లో ఓడిన సంస్థ పైకోర్టుకు వెళ్లింది, కేసు తిరిగి వచ్చింది. చివరికి 2018 నవంబరు 8న ఐరోపా జనరల్ కోర్టు, వాస్తవ వాడకానికి వీలైనంత దగ్గరి పరిస్థితుల్లో కొలవాలన్న మూలచట్టపు ఉద్దేశానికి ఇది విరుద్ధమని లేబులు నిబంధనను కొట్టివేసింది.

డైసన్‌కు ఆ తీర్పులో వ్యాపార ప్రయోజనం ఉన్న మాట నిజమే అయినా న్యాయం అటువైపే ఉంది. కొత్త ఫిల్టరుతో కొలిచిన అంకె కొన్న మొదటి రోజుకే వర్తిస్తుంది. ఆ కేసు సగం దూరమే పోయిందని కూడా చెప్పాలి. నిండిన ఫిల్టరు ఎలా పనిచేస్తుందని అది అడిగింది, పదిసార్లు కడిగిన ఫిల్టరు ఎలా పనిచేస్తుందని అడగలేదు. శుభ్రపరిచే పనికి పట్టిన సమయం, ఆ సమయంలో గాలిలోకి లేచిన దుమ్ము, శుభ్రపరిచిన తరువాత తిరిగి వచ్చిన గాలి ప్రవాహం, ఈ మూడింటినీ కలిపి కొలిచే లేబులు కొనుగోలుదారు చేతికి అందవలసి ఉంది.

పక్షాలను పక్కపక్కన పెడితే

చేతిపని లెక్కన పారేసే సంచి, పల్స్ పద్ధతి ముందుంటాయి, కడిగే ఫిల్టరు చివర నిలుస్తుంది. ఖర్చు లెక్కన ఆ వరుస దాదాపు తలకిందులవుతుంది. ఊపిరి లెక్కన మూతపడే సంచి మొదటిది, నీళ్లలో తడిపి కడిగే ఫిల్టరు రెండోది, తెరవగానే దుమ్ము రాల్చే డబ్బా ఆఖరుది. పత్తి నూగు, వెంట్రుకలు ఎక్కువైన ఇంటికి చిన్న గరాటుల యంత్రం పనికిరాదు. బండల నేల మీది సన్నమట్టికి అదే యంత్రం సంచి యంత్రం కంటే ఎక్కువకాలం లాగుతుంది. ఈ వరుసలు కలవకపోవడం వల్లనే ఒకే విజేతను ప్రకటించే వ్యాసాలు, ప్రకటనలు నమ్మదగినవి కావు. నూగు, వెంట్రుకలు మరీ ఎక్కువ కాని తెలుగు పట్టణాల ఇళ్లకు ముందు సైక్లోను, వెనక విడివిడి మడతలతో నీళ్లకు తట్టుకునే పొర ఫిల్టరు, పెట్టెలోనే రెండో ఫిల్టరు ఉన్న యంత్రం ఎక్కువగా కుదురుతుందని చెప్పవచ్చు, ఉబ్బసం ఉన్న ఇంటికి మాత్రం సంచి యంత్రమే.

తేలకుండా ఉన్నవి

ప్రయోగశాలల్లో వాడే దుమ్ము ఏదన్నది మొదటి ప్రశ్న. వాహనాల ఫిల్టర్లను అరిజోనా ఎడారి మట్టితో, వ్యాక్యూమ్ క్లీనర్లను డోలమైటు పొడితో పరీక్షించడం అంతర్జాతీయ పద్ధతి. ఈ రెండూ పొడిగా, విడివిడిగా ఉండే దుమ్ములు. నూనె జిడ్డు, పత్తి నూగు, వానాకాలపు చెమ్మ కలిసిన దుమ్ముకు ప్రామాణిక నమూనా ఏర్పడితే తప్ప ఇక్కడి ఇళ్లకు తగిన ఫిల్టరును అక్కడి అంకెలతో ఎంచుకోక తప్పదు.

కడిగే నీటి కాలుష్యం రెండో ప్రశ్న. పాలియెస్టరు పోగులు ప్రతి కడుగుడులోనూ కొంత అరిగి మురుగులో కలుస్తాయి. పారేసే సంచి చెత్తకుప్పకు చేరుతుంది. ఈ రెండింటిలో భూమికి ఏది తక్కువ భారమన్నది తూచాలంటే ఫిల్టరు ఎన్ని కడుగుళ్లకు నిలుస్తుందో ముందు తెలియాలి, ఆ అంకెను తయారీదారులు పెట్టె మీద ముద్రించే ఆచారం ఇంకా ఏర్పడలేదు.

మూడోది శుభ్రం చేసే మనిషి గురించినది. చాలా ఇళ్లలో యంత్రాన్ని కొనేవారు ఒకరు, ఫిల్టరును దులిపేవారు ఇంకొకరు. దులిపేది తరచుగా ఇంటి ఇల్లాలు, లేదా పనికి వచ్చే అమ్మాయి, అది కూడా పెరట్లో గోడకేసి కొడుతూ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. వాడుక పుస్తకం ఆమెకు తెలియని భాషలో ఉంటుంది. ఫిల్టరును తీసే గొళ్లెం ఒక చేత్తో తెరుచుకుంటుందా, డబ్బాను చెత్తబుట్టలోకి పూర్తిగా దించిన తరువాతే మూత విడివడుతుందా, తప్పు దిక్కులో బిగిస్తే చట్రమే ఒప్పుకోకుండా ఆపుతుందా అన్నవి ఆమె ఊపిరికి సంబంధించిన ప్రశ్నలు. వీటిలో ఒక్కటీ కొత్త పదార్థాన్ని గాని, ఖరీదైన మోటారును గాని కోరదు, ప్లాస్టిక్ అచ్చు గీసే దశలోనే తేల్చుకోవచ్చు.